శంకర్ తస్వీర్, సజ్జన్ సూరత్

ప్రొద్దుటూరులో మా ఇంటికి టీవీ కొత్తగా వచ్చిన జమానా. దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ 'విక్రమ్ ఔర్ బేతాళ్', 1985 నాటి సీరియల్. జమ్మలమడుగు ఖాలా పిల్లలు, పులివెందుల మామూ పిల్లలు అందరూ చేరితే ఒకటే జగడం. తెల్లజుట్టుతో రాజు వీపునెక్కిన ఈ ముసలాయన బేతాళుడా అని!

మా దిమాగులో ఉన్నది చందమామలో శంకర్ గీసిన తస్వీర్. చేత కత్తి, భుజాన శవం, నడిచే రాజు. శవంలోంచి వచ్చే ఆ గొంతుకు సజ్జన్ గారి సూరత్ మాకు అతకలేదు. అరుణ్ గోవిల్ మాత్రం అందరికీ పసంద్. (రెండేళ్లకే ఆయన రాముడయ్యాడు.)

మరి చందమామ మూలానికి వఫాదారా? 1947లో చక్రపాణితో కలిసి దాన్ని పెట్టిన నాగిరెడ్డి గారిది మన జిల్లా పొట్టిపాడే. పాత కితాబులో బేతాళ కథలు 25. చందమామ వాటిని వందలు దాటించింది, కొత్త కథలన్నీ అదే శవం నోట పలికించింది. ఇన్సాఫ్‌గా చూస్తే సాగర్‌నొక్కణ్ణే తప్పుపట్టలేం.

ఒకటి బాగా యాదుంది. సీరియల్ హిందీ మా ఇంటి జుబానుకు దగ్గర. బడిలో మా తెలుగు విని నవ్విన దోస్తులే మా గడపలో కూర్చుని, "బేతాళుడు ఏమడిగినాడ్రా?" అనేవాళ్లు. నేను చందమామ తెలుగులోనే చెప్పేవాణ్ణి.