మావయ్యగారి కుర్చీ, అత్తయ్యగారి భోషాణం

ఐదేళ్ళ క్రితం మావయ్యగారి పడక్కుర్చీకి పాలిష్ పెట్టించాను. మేస్త్రీ మెషీన్‌తో గీకేసి, రెండు పూతలు వార్నిష్ వేసి, అద్దంలా చేసి ఇచ్చాడు. నేను మురిసిపోయాను. అత్తయ్యగారు వచ్చి కూర్చుని, కుడివైపు చేతిని అరచేత్తో రెండుసార్లు తడిమారు. నలభై ఏళ్ళు మావయ్యగారి మోచెయ్యి ఆని పడిన పల్లం అక్కడుండేది. ఇప్పుడు లేదు. "బాగుందమ్మా" అని లేచి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆవిడ ఆ కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు.

అందుకే పోయిన వేసవిలో ఆవిడ పుట్టింటి భోషాణం మూల ఊడితే, మేస్త్రీని పిలిచే ముందు దాని పక్కన కూర్చుని ఆవిడ చేత కథంతా చెప్పించుకున్నాను.

అది రంగం టేకు. రంగం అంటే రంగూన్. అత్తయ్యగారి తాతగారు కాకినాడ వైపు నుంచి ఓడెక్కి అక్కడికి వెళ్ళారట. మన కోస్తా నుంచి ఎంతమంది వెళ్ళారంటే, కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్ళని కోరంగీలనే పిలిచేవారు.

ఆ టేకు కథ వింటే గీకడానికి చెయ్యి రాదు. పచ్చి టేకు నీళ్ళలో మునిగిపోతుంది. అందుకని చెట్టు మొదట్లో చుట్టూ చేవ దాకా కోసి, నిలబడ్డ చోటే రెండుమూడేళ్ళు ఎండనిచ్చేవారు. తర్వాత నరికి, ఏనుగులతో వాగుల్లోకి లాగించి, వరదొచ్చాక ఐరావతి నది మీద తెప్పలు కట్టి రంగూన్ చేర్చేవారు. ఆ కలప కోసం ఒక రాజ్యమే పోయింది. థీబా రాజు బాంబే బర్మా కంపెనీకి వేసిన జరిమానాని సాకుగా తీసుకుని 1885లో ఇంగ్లీషువాళ్ళు యుద్ధానికి దిగారు. 1886 జనవరి 1న మిగిలిన బర్మాని కూడా కలిపేసుకున్నారు.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. లక్షలమంది మనవాళ్ళు కొండలూ అడవులూ దాటి నడిచొచ్చారు. దారిలోనే పోయినవాళ్ళు చాలామంది. మా భోషాణం అంతకుముందే ఓడలో వచ్చేసింది, తాతగారూ వచ్చారు. వెనక వస్తానన్న ఆయన తమ్ముడు మాత్రం రాలేదు. ఈ మాట చెప్పేటప్పుడు అత్తయ్యగారి చెయ్యి ఎప్పుడూ భోషాణం మూత మీదే ఉంటుంది.

ఇక పని సంగతి. ఈసారి డెబ్బై దాటిన మేస్త్రీగారిని వెతికి పట్టుకున్నాం. ఆయన ముందు ఉలి తియ్యలేదు, దూది తీశారు. వెనకవైపు కనపడని చోట స్పిరిట్ అద్ది చూస్తే బంకలా అంటుకుంది. "లక్క పాలిషమ్మా, గీకక్కర్లేదు" అన్నారు. మోదుగ, రేగు చెట్ల మీద బతికే పురుగులిచ్చే లక్క అది. (పాత గ్రామఫోను రికార్డులు కూడా దీంతోనే చేసేవారు!) స్పిరిట్‌లో కలిపిన కొత్త లక్క పాతదాన్ని కాస్త కరిగించి దాంట్లో కలిసిపోతుంది. వార్నిష్ అలా కలవదు. కాకపోతే లక్క మీద వేడి కాఫీ గ్లాసు పెట్టారో, తెల్లటి చక్రం పడుతుంది.

గట్టిగా పిండిన తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డ పెట్టాం. నలుపు సగం పోయింది. అది చెక్క రంగు కాదు, వంటింటి పొగా నూనే! ఊడిన మూలకి మేకులు కొట్టిద్దామన్నారు మావారు. మేస్త్రీగారు ఒప్పుకోలేదు. పూర్వం వాడిన వజ్రం జిగురు తోళ్ళతో కాచింది, వేడినీళ్ళకి మెత్తబడుతుంది. దాన్ని కరిగించి, కుసులు విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ ఆ జిగురుతోనే బిగించారు. రేపు ఎవరికైనా విప్పాల్సి వస్తే విరగ్గొట్టకుండా విప్పుకోవచ్చు.

మూత లోపల పండగపండక్కీ పెట్టిన పసుపు కుంకుమ బొట్ల జోలికి వెళ్ళనివ్వలేదు నేను. దీపం ఒరిగి కాలిన మచ్చనీ వదిలేశాం.

మూత మీద సన్నటి చీలిక ఒకటి మిగిలింది. లప్పం పెట్టనా అని అడిగితే అత్తయ్యగారే వద్దన్నారు. "వానాకాలం వస్తే అదే మూసుకుంటుందిలే" అన్నారు. శ్రావణంలో వెళ్ళి చూశాను. నిజంగానే గోరు కూడా దూరలేదు.