తప్పిపోయిన మనిషి కోసం పోలీసు జాగిలం: ఎంతవరకు నమ్మొచ్చు?

ఇంట్లో పెద్దాయనో, మతిస్థిమితం లేని బిడ్డో కనిపించకుండా పోతే పిడుగురాళ్లలో వెంటనే వినపడే మాట, "కుక్కను తెప్పించండి, ఇట్టే పట్టేస్తుంది" అని. జాగిలం నిజంగానే గొప్ప సాయం. కానీ అది చూపించేది దారి మాత్రమే, సాక్ష్యం కాదు.

మనిషి నడుస్తున్నంత సేపూ ఒంటి నుంచి చర్మపు పొట్టు, చెమట వాసన రాలుతూనే ఉంటాయి. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు సుమారు 50 లక్షలైతే, బ్లడ్‌హౌండ్ జాతి కుక్కకు 30 కోట్ల దాకా ఉంటాయని అంచనా. అన్ని కుక్కలూ ఒకే పని చెయ్యవు. కొన్ని ఇచ్చిన బట్ట వాసన పట్టుకుని ఆ ఒక్క మనిషి జాడ వెంటే పోతాయి. కొన్ని గాలిలో ఏ మనిషి వాసన తగిలినా అటు వెళ్తాయి. ఇంకొన్ని మృతదేహాలను మాత్రమే గుర్తిస్తాయి.

ఈ చివరి రకం సంగతి మనకు దగ్గర్లోనే చూశాం. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి 8 మంది లోపల చిక్కుకుపోయారు. కేరళ పోలీసుల మాయ, మర్ఫీ అనే బెల్జియన్ మాలినోయిస్ జాగిలాలను రప్పించారు. అవి చూపిన చోట తవ్వితే మార్చి 9న ఒక మృతదేహం దొరికింది. మార్చి 25న రెండోది బయటపడింది. మిగతా ఆరుగురు మాత్రం దొరకలేదు. బురద, ఊట నీరు, ఇనుప శిథిలాల మధ్య ఎంత మంచి ముక్కుకైనా హద్దు ఉంటుంది మరి.

మన ప్రాంతంలో చిక్కులు వేరు. వేసవి ఎండకు నేల కాలిపోతే వాసన త్వరగా ఆరిపోతుంది. పైగా కుక్క నోరు తెరిచి రొప్పుతుంటుంది, రొప్పే కుక్క సరిగా వాసన చూడలేదు. సున్నం బట్టీల దుమ్ము, మిరప కల్లాల ఘాటు దాని ముక్కుకు ఇబ్బందే. మనిషి బస్సో, ఆటోనో, గుంటూరు వైపు రైలో ఎక్కితే జాడ అక్కడితో ఆగిపోతుంది. కుక్క బస్టాండ్‌లో ఆగిందంటే విఫలమైందని కాదు. ఇక సీసీ కెమెరాలు చూడాలని అర్థం.

అన్నిటికంటే పెద్ద నష్టం చేసేది మనమే. కబురు తెలియగానే చుట్టాలు, వాడకట్టు వాళ్లు వందమంది ఇంటి ముందు తిరిగేస్తారు. మంచి మనసుతోనే వస్తారు, కానీ జాడ తొక్కేస్తారు. తప్పిపోయిన వాళ్లు చివరగా వాడిన, ఉతకని లుంగీ, దుపట్టా, దిండు గలీబు లాంటిది ఏదైనా ఎవరూ చేత్తో ముట్టకుండా శుభ్రమైన కవర్‌లో వేసి పెట్టాలి. నలుగురి బట్టలతో కలిసిన దుప్పటి పనికిరాదు.

కుక్క ఇంట్లోకి వస్తే నమాజు చదివే చోటు సంగతేంటని కొందరు వెనకాడతారు. ఆ వస్తువును గుమ్మం బయటే ఇవ్వొచ్చు, జాడ కూడా అక్కడి నుంచే మొదలుపెట్టించొచ్చు. ఆ మాట హ్యాండ్లర్‌కు ముందే చెబితే సరిపోతుంది. శిక్షణ ఇచ్చిన వేట జంతువుల ప్రస్తావన ఖుర్ఆన్‌లో సూరా మాయిదా 4వ ఆయత్‌లో ఉంది.

ఇంకో సంగతి. కుక్క ఎవరి గడప దగ్గరో ఆగిందని ఆ ఇంటివాళ్ల మీద పడకూడదు. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో 2001లో సుప్రీంకోర్టు ఈ విషయం విడమరిచి చెప్పింది. కుక్క పొరపడొచ్చు, దాని ప్రవర్తనకు మనిషి తప్పు అర్థం తీయొచ్చు, కుక్కకూ హ్యాండ్లర్‌కూ మధ్యే అపార్థం రావొచ్చు. అందుకే దర్యాప్తుకు వాడుకోవచ్చు గానీ, కోర్టులో దానికి పెద్ద బరువు ఇవ్వకూడదని తేల్చింది. 1969లో మహారాష్ట్ర కేసులోనూ దాదాపు ఇదే మాట అంది.

24 గంటలు ఆగాలన్న రూలేదీ లేదు. గంట గడిచేకొద్దీ వాసన పలచబడుతుంది కాబట్టి వెంటనే 112కు ఫోన్ చేయాలి, పిల్లలైతే 1098కి కూడా. తప్పిపోయింది పిల్లలైతే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాల్సిందేనని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఫిర్యాదు ఇస్తున్నప్పుడే డాగ్ స్క్వాడ్ కావాలని అడగండి, చివరగా చూసిన చోటు, టైము, వేసుకున్న చెప్పులు ఏవో రాయించండి.