కింగ్స్: తిరిగి ఇంటికి వెళ్లలేకపోయిన ఐరిష్ కూలీల సినిమా

‘కింగ్స్’ 2007లో వచ్చిన ఐరిష్ ఇండిపెండెంట్ సినిమా. దర్శకుడు టామ్ కాలిన్స్. జిమ్మీ మర్ఫీ రాసిన ‘ది కింగ్స్ ఆఫ్ ది కిల్బర్న్ హై రోడ్’ నాటకం ఆధారంగా తీశారు. కిల్బర్న్ అంటే లండన్‌లో ఐరిష్ వలస కార్మికులు ఎక్కువగా ఉన్న ప్రాంతం.

కథ: 1970లలో ఐర్లాండ్ పశ్చిమ తీరంలోని కనెమారా నుంచి ఆరుగురు కుర్రాళ్లు పని కోసం లండన్ వెళ్తారు. నాలుగు డబ్బులు సంపాదించి తిరిగి వచ్చేద్దామనుకుంటారు. బిల్డింగ్ పనుల్లోనే ముప్ఫై ఏళ్లు గడిచిపోతాయి. చివరికి జాకీ చనిపోతాడు. మిగతా ఐదుగురు అతని కోసం ఒకచోట చేరతారు. వాళ్లలో జో (నటుడు కోలమ్ మీనీ) ఒక్కడే కాంట్రాక్టర్‌గా ఎదిగాడు. మిగతావాళ్లలో కొందరికి పని లేదు, కొందరిని తాగుడు తినేసింది. ఆ రాత్రి పాత లెక్కలన్నీ బయటికొస్తాయి.

భాష: వాళ్లు తమలో తాము ఎక్కువగా ఐరిష్‌లోనే మాట్లాడుకుంటారు. అందుకే ఆస్కార్ విదేశీ భాషా చిత్రాల విభాగానికి ఐర్లాండ్ ఈ సినిమాను పంపగలిగింది. నామినేషన్ మాత్రం దక్కలేదు.

ఎందుకు చూడాలి: గల్ఫ్‌లో మనవాళ్లను వీసా, కఫీల్ ఆపుతాయి. ఐరిష్ వాళ్లకు బ్రిటన్‌లో వీసానే అక్కర్లేదు, ఊరు పక్క దేశంలోనే ఉంది. అయినా వెళ్లలేకపోయారు. ఖాళీ చేతులతో ఇంటి గడప ఎలా తొక్కాలన్న సిగ్గే వాళ్లను ఆపింది. “డబ్బు సంగతి తర్వాత, ముందు నువ్వు రా” అని ఇంటివాళ్లు ఒక్క మాట అనడం ఎంత అవసరమో ఈ సినిమా చూస్తే అర్థమవుతుంది.