అంగడి మర్యాద

మర్యాద యన్నంతనే మనవారు భోజనపంక్తిని, పెండ్లిపందిరిని తలంతురుగాని అంగడిని తలంపరు. ఒక సంఘము నడవడిని తెలిసికొనుటకు అంగడికంటె మంచి తావు లేదని మా యభిప్రాయము.

పశువుల సంతలో బేరగాండ్రు తువ్వాలు చాటున చేయి కలిపి, నోరు మెదపక, వ్రేళ్ళతోనే ధర తెలుపుకొను పద్ధతి మనవారికి కొత్త కాదు. చూచువారికిది దొంగబేరమువలె తోచును. పారశీక సింధుశాఖ తీరమున ముత్యముల వర్తకులును ఇట్లే గుడ్డ చాటున బేరమాడెడివారు. ఇంగ్లండులో 17వ శతాబ్దమున క్వేకరు మతస్థులు దీనికి తలక్రిందుగా, ఎల్లవారికి ఒకే ధర బహిరంగముగా చెప్పుటయే ధర్మమని పట్టుబట్టిరి. చిన్నపిల్లను పంపినను మోసముండదను నమ్మకముచే వారి అంగళ్ళకు జనము పెరిగిరని వారి గురువు జార్జి ఫాక్సు వ్రాసికొనెను. తువ్వాలు చాటు బేరమును మర్యాదయే, క్వేకరుల ఒక్క మాటయును మర్యాదయే. ఇష్టము లేనివాడు చేయి వెనుకకు తీసికొని పోవచ్చును గదా!

నిజాము పాలనలో నల్లగొండ, మహబూబునగరు జిల్లాల పల్లెకోమటికి లేకపోయినది ఆ స్వేచ్ఛయే. తహశీలుదారో, పోలీసు అమీనో దౌరాకు వచ్చి ఊర దిగగానే పటేలు మనిషి అంగడి ముందర నిలిచెడివాడు. బియ్యము, పప్పు, నెయ్యి, బెల్లము కదలవలసినదే. వెల యిచ్చిన పుచ్చుకొనవలెను, తక్కువ యిచ్చినను పుచ్చుకొనవలెను, ఈయకున్న ఊరకుండవలెను. పద్దు వ్రాసికొని ఎవరి నడుగును? దీనికి అతిథిమర్యాద యని పేరు! అతిథియే వచ్చి తన పాలు తాను కొలిపించుకొనుట ఏ శాస్త్రమున నున్నదో మేమెరుగము.

ఈ సీమ కాకతీయుల యేలుబడిలో నున్న కాలముననే, 1244 ప్రాంతమున, గణపతిదేవుడు మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. గాలివానకు పగిలిన ఓడల సరకును పూర్వరాజులు హరించెడివారనియు, తాను నిర్ణీతమైన సుంకము దక్క మరేమియు గైకొననినియు అందు చెప్పించెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొకపాలు. భాష తెలియని పరదేశి వర్తకునకు రాజు మాట యిచ్చెను. సొంత ఊరి కోమటి చేతికి అట్టి కాగితమొకటి వచ్చుటకు ఇంచుమించు ఏడువందల యేండ్లు పట్టినది. అదియును ప్రభువు పంపినది గాదు. 1921లో హైదరాబాదున పుట్టిన ఆంధ్రజనసంఘము, మాడపాటి హనుమంతరావుగారు మొదలగువారి పూనికతో, 'వర్తక స్వాతంత్ర్యము' అను చిన్న పుస్తకమును ప్రకటించెను. సరకునకు వెల యడుగుట తిరుగుబాటు కాదని చెప్పుటకు ఒక సంఘము పుట్టవలసివచ్చినది!

అయినను ఆ పుస్తకము ప్రధానముగా చదువగలవానికే అక్కరకు వచ్చెను. పటేలు ఇంటికి చెప్పులను, మోటకు తోలును వెట్టిగా ఇచ్చుచువచ్చిన మాదిగ సరకు గలవాడు కాడా? అతనిని వర్తకుడని పిలిచినవారు లేరు. సంఘము వెట్టిచాకిరిపైనను పుస్తకము వేసినది. ఆ మాట మరువరాదు. మన యిండ్ల సంగతి మాత్రము వేరుగా నుండెను. అధికారి నేతిడబ్బా ఎత్తుకొనిపోయెనని కోపించిన మన పెద్దలే, తమ వాకిట చెప్పులమ్మినవానికి డబ్బులు చేతికీయక, తాకుడగునని నేలపై జారవిడిచెడివారు. అతడు వంగి, దుమ్ములో నొక్కొక్కటియే యేరుకొనెడివాడు.