భివండి వ్యాపారులకు అంతర్జాల దూరవాణి: ఎంపికలో గమనించవలసినవి

మహారాష్ట్రలోని థాణే జిల్లాలో గల భివండి మరమగ్గాలకు పేరుపొందిన పట్టణం. తెలంగాణ జిల్లాల నుండి తరతరాలుగా వలస వెళ్ళిన పద్మశాలీ కుటుంబాలు అక్కడి పద్మానగర్ మొదలైన పేటలలో స్థిరపడ్డాయి. సాంచాల మీద కూలీకి వెళ్ళినవారిలో కొందరు క్రమంగా యజమానులై, నూలు కొనుగోలును, కోరా గుడ్డ అమ్మకాన్ని స్వయంగా చూసుకొంటున్నారు. వారి గుమాస్తాలు నేడు సూరత్‌లో ఉంటే రేపు ఇచల్‌కరంజిలో ఉంటారు. నూలు ధర మారిన రోజున ఒక్క ఫోను అందకపోయినా బేరం చేజారుతుంది.

చాలా చిన్న సంస్థలలో ఊళ్ళు తిరిగే ఉద్యోగి సొంత మొబైలు నంబరే సంస్థ నంబరుగా చెలామణి అవుతుంది. అతడు కొలువు మానిన నాడు ఖాతాదారుల పరిచయమంతా అతని వెంటే వెళ్ళిపోతుంది. అంతర్జాల దూరవాణిని ఎన్నుకోవడానికి ముఖ్యకారణం ఇదే కావాలి కాని, ఖర్చు కాదు. రాత్రి రేటు తగ్గే వేళ కోసం ఎస్.టి.డి. బూతు ముందు కాచుకొన్న కాలంలో ఖర్చే ప్రధానం. నేటి మొబైలు పథకాలలో దేశంలోపలి మాటలకు విడిగా లెక్క కట్టవలసిన పని దాదాపు లేదు.

ఈ పద్ధతిలో మాట చిన్నచిన్న ముక్కలుగా మారి అంతర్జాలం మీదుగా ప్రయాణించి, అవతలి చెవికి తిరిగి మాటగా చేరుతుంది. సంస్థకు ఒకే నంబరు ఉంటుంది. లోపల ఒక్కొక్కరికి ఒక ఎక్స్‌టెన్షన్ సంఖ్య ఇస్తారు. కొట్టులో బల్ల మీది ఫోను, ఊళ్ళు తిరిగే ఉద్యోగి మొబైలులోని యాప్, రెండూ ఆ నంబరు కిందికే వస్తాయి. ఉద్యోగి మారినప్పుడు ఎక్స్‌టెన్షన్ మరొకరికి ఇస్తే సరిపోతుంది. వాట్సాప్ మాటలకు ఈ సౌకర్యం లేదు; పైగా వాటితో ల్యాండ్‌లైనుకు ఫోను చేయలేరు.

మన దేశంలో అంతర్జాల దూరవాణికి 2002 ఏప్రిల్ 1 నుండి పరిమితమైన అనుమతి లభించింది. దేశంలోపలి సాధారణ ఫోన్లతో దీనిని కలిపే దారి 2018లో స్పష్టపడింది. ఆ ఏడాదే బి.ఎస్.ఎన్.ఎల్. 'వింగ్స్' పేరిట ఇటువంటి సేవను ప్రారంభించింది. కాబట్టి అనుమతి గల సంస్థ వద్దనే నంబరు తీసుకోవాలి. పదుల కొద్దీ సిమ్ములు పెట్టెలో అమర్చి విదేశీ ఫోన్లను చవకగా కలుపుతామనే వారి జోలికి పోరాదు. అనుమతి లేకుండా ఇటువంటి సేవ నడపడం 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 42వ సెక్షన్ ప్రకారం మూడేళ్ళ వరకు జైలు, రెండు కోట్ల రూపాయల వరకు జరిమానా పడదగిన నేరం.

అమ్మేవారు లైను వేగాన్ని గొప్పగా చెబుతారు. నిజానికి ఒక్క మాటకు ఇటు సుమారు 90, అటు 90 కిలోబిట్లు చాలు. పదిమంది ఒకేసారి మాట్లాడినా ఒక మెగాబిట్ దాటదు. వేగం కంటే నిలకడ ముఖ్యం. మాట అవతలికి చేరడానికి సెకనులో సుమారు ఏడో వంతు, అనగా 150 మిల్లీసెకన్లు మించితే ఒకరి మాట మీద మరొకరి మాట పడుతుంది. బేరంలో అదెంత చిక్కో వ్యాపారులకు చెప్పనక్కరలేదు. సాంచాలు నడిచే వేళలోనే, కొట్టులో అందరూ లైను వాడుతుండగానే మాట్లాడి చూడాలి.

విద్యుత్తు సంగతి చాలామంది మరచిపోతారు. పాత రాగితీగ ల్యాండ్‌లైనుకు ఎక్స్‌ఛేంజి నుండే విద్యుత్తు అందేది గనుక కరెంటు పోయినా మోగేది. అంతర్జాల ఫోనుకు ఆ అదృష్టం లేదు. రౌటరుకు, ఫైబరు పెట్టెకు బ్యాటరీ ఏర్పాటు లేకపోతే ఫోను మూగబోతుంది.

ఊళ్ళు తిరిగే ఉద్యోగికి అసలు పరీక్ష దారిలో ఎదురవుతుంది. కల్యాణ్ నుండి నిజామాబాదు వైపు వచ్చే దేవగిరి ఎక్స్‌ప్రెస్ కసారా ఘాట్ సొరంగాలలో ప్రవేశించగానే డేటా తెగుతుంది, యాప్ మోగదు. అందువల్ల యాప్ పలకకపోతే అదే ఫోను ఉద్యోగి సాధారణ మొబైలు నంబరుకు మళ్ళే ఏర్పాటు తప్పనిసరి. అలా మళ్ళించిన మాటకు నిమిషాల చొప్పున అదనపు రుసుము ఉన్నదా అని ముందే అడగాలి. నెలసరి అద్దె చూసి మురిసినవారు ఇక్కడే దెబ్బతింటారు. ఆపద వేళ 112కు యాప్ నుండి కాక సిమ్ము నుండే ఫోను చేయడం మేలు.

నంబరు ఎవరి పేరిట ఉంటుందో, సేవాసంస్థను మార్చినప్పుడు దానిని వెంట తెచ్చుకోవచ్చునో లేదో కాగితం మీద వ్రాయించుకోవాలి. మొబైలు నంబరుకు ఆ వీలు 2011 జనవరి 20 నుండి దేశమంతటా ఉన్నది. ఈ నంబర్లకు కూడా ఉంటుందని ఊహించుకోరాదు. ఎంతో పేరున్న స్కైప్ కూడా 2025 మే 5న మూతపడింది. అవసరం లేకపోతే విదేశీ ఫోన్లను మూయించాలి. బలహీనమైన పాస్‌వర్డును ఛేదించి రాత్రికి రాత్రి విదేశాలకు ఫోన్లు చేసే దొంగల బిల్లు యజమాని నెత్తిన పడుతుంది. కొలువు మానిన ఉద్యోగి యాప్‌ను ఆనాడే తొలగించాలి.

తొలుత ఇద్దరు ఉద్యోగులతో ఒక నెల నడిపి చూసి, అంతవరకు పాత నంబరును ఉంచుకోవడం మంచిది. ఫోను ఎత్తగానే 'ఒకటి నొక్కండి, రెండు నొక్కండి' అని హిందీలోనో ఇంగ్లీషులోనో పలికే యంత్రస్వరం కొనుగోలుదారుకు పనికివస్తుందేమో కాని, ఊరి నుండి కొడుకు కోసం ఫోను చేసే ముసలితల్లికి పనికిరాదు. కార్మికుల ఇళ్ళకు ఇచ్చే నంబరు ఆ స్వరంతో పనిలేకుండా తిన్నగా కార్ఖానాలో మోగాలి. రాత్రిపాళీ వేళ కొట్టు మూసి ఉంటుంది గనుక, సాంచాల వద్ద ఉండే జాబరు మొబైలుకు మళ్ళాలి.