మనవరాలికి ఏ వేమన?

అమెరికాలో పుట్టిన మా మనవరాలికి తెలుగు చదవడం రాదు. మన సభ్యుల్లో చాలామందికి ఈ బాధ తెలిసిందే. వేమనను ఇంగ్లీషులో పంపమంది. ఎవరి అనువాదం పంపాలి? కర్నూలు నుంచి బస్సెక్కి కడప బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లాను.

1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్, తర్వాత అక్కడే బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టి రాతప్రతులు సరిచూపించాడు. 1829లో వేమన పద్యాలు 693 ఇంగ్లీషు వచనంతో అచ్చువేశాడు. 1871లో చార్లెస్ గోవర్ దక్షిణదేశ జానపద గేయాల పుస్తకంలో కొన్నింటిని పద్యంగానే అనువదించాడు.

చెవికి గోవరే ఇంపు. కాని ఛందస్సు కోసం మాటలు పెరిగాయనిపించింది. వేమన మాటల విషయంలో మహా పిసినారి గదా! బ్రౌన్ వచనం చప్పనే, అయినా అందులో తెలుగు మూలం కూడా ఉంది. పిల్ల ఎప్పుడైనా అక్షరాలు దిద్దితే పనికొస్తుంది. బ్రౌన్‌నే పంపాను.