నడికట్టు - చెవిపోగు



పెందుర్తి రైలుస్టేషనునకు సమీపమున నున్న యొక కల్యాణమంటపములో ఈ మధ్య నొక పెండ్లివిందునకు పోయితిని. వరుడు విశాఖపట్టణమున నౌకాదళములో నధికారి. ఉదయమున పట్టుపంచె కట్టి, నుదుట బాసికముతో పీటలపై కూర్చున్న యా యువకుడే సాయంకాలము తెల్లని పొట్టికోటు, నల్లని లాగు, నడుమున నల్లని పట్టుపట్టీ, ఱొమ్మున వ్రేలిగోరంతలేసి పతకములు ధరించి వేదికపై నిలిచినాడు. దానిని నౌకాదళమువారు మెస్ డ్రస్సు అందురు. విందునకు ధరించు సైనిక వేషమన్నమాట. వరుని నాయనమ్మ అతనిని ఎగాదిగ చూచి, "ఒరే బాబూ, నడుముకి కట్టిందేటి? మీ తాత పొలానికెళ్లేటప్పుడు చుట్టుకున్న తుండుగుడ్డలాగున్నాదే!" అన్నది. అందఱును నవ్విరి. నేనును నవ్వితిని గాని, ఇంటికి వచ్చుచు దారిలో నాలోచింపగా ఆ ముసలమ్మ మాట పరిహాసము గాదనియు, రెండువందలయేండ్ల చరిత్ర అందులో దాగియున్నదనియు తోచినది. నేడు మీకు మనవి చేయబోవునది ఆ చరిత్రయే.

ఆ పట్టీ పేరు ఇంగ్లీషువారి నోట కమ్మర్‌బండు. పారసీలో కమర్ అనగా నడుము, బంద్ అనగా కట్టు. మన నడికట్టే. పొలము దున్ను రైతును, బోయీలును, బంట్రోతులును, కుస్తీ పట్టు వస్తాదులును ఈ దేశమున నెల్లకాలము నడుము బిగించి కట్టిన గుడ్డయే అది. నడుము కట్టుట యనగా పనికి పూనుకొనుట యని మన భాషలో పలుకుబడి. దొరలకు మాత్ర మది పని మాని భోజనమునకు కూర్చుండునపుడు కట్టుకొను వస్త్ర మయినది! వారి దేశాచారము ననుసరించి విందుకోటు క్రింద వేస్టుకోటు తొడుగవలెను. మన వేసవిలో అది దుర్భరము. పందొమ్మిదవ శతాబ్దము ద్వితీయార్ధమున ఈ దేశమందలి బ్రిటిషు సైనికాధికారులు దానిని విసర్జించి, దాని స్థానమున మన నడికట్టును పట్టుతో కుట్టించుకొని ధరింపసాగిరి. ఎఱ్ఱసముద్రపు టెండకు తాళలేని నావికాధికారులు కోటునుగూడ మాని, చొక్కా లాగులపై నడికట్టుతోనే భోజనశాలకు పోవుట మొదలుపెట్టిరి. ఆ వేషమునకు నేటికిని ఎఱ్ఱసముద్రము పేరే నిలిచియున్నది.

విందువేషములో నొక విశేషము గలదు. కవాతుబట్టలలో ఒకనికిని మఱియొకనికిని భేద ముండరాదు. అది వాని ధర్మము. విందునందు మాత్రము కొంచెము సడలింపు. పెద్దపతకములకు మాఱు చిన్నవి, మెడకు చేతితో ముడివేసికొను టై. బ్రిటిషు నౌకాదళమున ఒక్కొక్క యోడవారు నడికట్టుపై తమ యోడ చిహ్నమును కుట్టించుకొందురు. పదాతిదళములలో ఒక్కొక్క రెజిమెంటునకు కాలరును చేతిపట్టీయు ఒక్కొక్క రంగు. వేయిమంది కొక్కటే యచ్చు గ్రుద్దిన బట్టలో, వీడు ఫలానావాడు అని చెప్పుకొనుటకు నాలుగంగుళముల చోటు. ఆ చోటు ఎవరికి దొరకినది, ఎవరికి దొరకలేదు అన్నదే నా ప్రశ్న.

ఇందులకు మనము చాలదూరము వెనుకకు పోవలెను, దూరదేశమునకు పోనక్కఱలేదు. పెందుర్తికి రెండామడలలోపుననే యున్న విశాఖపట్టణపు రేవులో 1758 అక్టోబరునందు కర్నలు ఫోర్డు వంగదేశమునుండి సైన్యముతో దిగినాడు. విజయనగర ప్రభువు ఆనందగజపతిరాజు ఫ్రెంచివారిని సర్కారులనుండి వెడలగొట్టుటకై పిలువగా వచ్చినాడు. ఆ డిసెంబరులో పిఠాపురమునకు చేరువనున్న చందుర్తికడ యుద్ధము జరిగినది. ఫోర్డు వెంట వచ్చిన వంగదేశపు సిపాయీలకు క్లైవు అప్పటికే ఎఱ్ఱకోటులు తొడిగించియుండెను. చెన్నపట్టణపు సిపాయీలు స్వదేశవస్త్రములతో నుండుటయే ఫ్రెంచివా రెఱుగుదురు. కావున దూరమునుండి ఎఱ్ఱనివరుసను చూచి, ఇదియే తెల్లవారి దండు అని భ్రమించి, తమ బలమునంతయు దానిపై నడపిరి. అసలు తెల్లదండు ప్రక్కనున్న జొన్నచేనిమాటున నుండి వెలువడి వారిని చావుదెబ్బ కొట్టినది. ఉత్తరసర్కారులు ఇంగ్లీషువారి పాలగుటకు దారితీసిన యుద్ధమది. దానిలో సగము పని తుపాకి చేసినది, సగము కోటు చేసినది అనిన తప్పుగాదు.

మఱియొక చమత్కారము. ఈ తూర్పుతీరమునుండి క్లైవు వెంట వంగదేశమునకు పోయిన తొలి సిపాయీలను ఉత్తరదేశీయులు తెలంగీలు, తిలంగాలు అని పిలిచిరి. కాలక్రమమున ఆ పేరు జాతిని వదలి వేషమును పట్టినది. 1857 నాటికి ఢిల్లీలో అయోధ్యవాడైనను భోజపురివాడైనను, కోటు తొడిగిన సిపాయి ప్రతివాడును తిలంగాయే. మన జాతినామము పరదేశమున నొక చొక్కాకు పేరైనది! సంతోషింపవలెనో, చింతింపవలెనో నాకు తెలియదు.

ఆకాలపు చెన్నరాజధాని సిపాయి వేషము వింతది. నడుమునకు పైభాగము కుంపిణీది, ఎఱ్ఱకోటు, గుండీలు. తక్కినదంతయు వానిది. మోకాలికి పైననుండు లాగు, తలకు పాగా, నడుమున గుడ్డపట్టీ, చెవులకు పోగులు, నుదుట నామమో విభూతిరేకలో. కుంపిణీకోటు వాని జీతమును చెప్పును. పోగులును బొట్టును వాని యిల్లు చెప్పును. రెండింటికిని తగవు లేకుండ నలుబదియేండ్లకు పైగా గడచినది.

అప్పుడు సేనానాయకుడుగా సర్ జాన్ క్రాడకు వచ్చినాడు. సిపాయీలందఱు నొకే మచ్చున నుండవలెనని యాయన పట్టుదల. 1805 తుదను క్రొత్తమాదిరి తలపాగ నిర్ణయమైనది. అది పాగవలెగాక టోపీవలె నుండెను, అందు తోలుకుచ్చు. 1806 మార్చిలో వెలువడిన నిబంధనలలో యూనిఫారము ధరించినప్పుడు నుదుట బొట్టు పెట్టరాదు, చెవులకు పోగు లుండరాదు, గడ్డము నున్నగా గొఱిగింపవలెను అని చేరినది. మీసము తీరుకూడ నియమితమే. చూడుడు, ఎంత చిన్నమాటలు! గవర్నరు బెంటింకు ఆమోదించినాడు. బారకాసులలో గుసగుస పుట్టినది: నేడు టోపీ, ఱేపు మతము. ఆ మేనెలలో రాయవేలూరున నొక పటాలము పాగను నిరాకరించినది. ఒక హిందువును ఒక ముసల్మానును ముఖ్యులని నిర్ణయించి, ఒక్కొక్కనికి తొమ్మిదివందల కొరడాదెబ్బలు కొట్టించిరి.

జూలై 9వ తేదీన రాయవేలూరికోటలో, అచట నిర్బంధమున నుండిన టిప్పుసుల్తాను కుటుంబమున పెండ్లి. ఆ పెండ్లిమిషమున సిపాయీలు కోటలో గుమిగూడిరని చెప్పుదురు. 10వ తేదీ తెల్లవాఱకముందే తిరుగుబాటు. పదునలుగురు ఇంగ్లీషు అధికారులును, నూర్గురికి పైగా సోల్జరులును చచ్చిరి. ఆర్కాటునుండి గిలెస్పీ గుఱ్ఱపుదళముతో వచ్చి కోట పట్టుకొన్నపిదప హతులైన సిపాయీలు వందలకొలది. ఒక్క తలపాగయే ఇందులకు కారణమనుట చరిత్రకు న్యాయము గాదు. జీతముల వెలితి యున్నది, మైసూరు రాకుమారుల యాశ యున్నది, అధికారులకు సిపాయీల భాష రాకపోవుట యున్నది. కాని యిన్ని కట్టెలు పేర్చియుండగా నిప్పంటించినది మాత్రము ఆ తోలుకుచ్చే.

మన హైదరాబాదులోను అట్టి యలజడియే పొగలెత్తినది. అచటి సేనాని మాంట్రెసారు వివేకి. చెన్నపట్టణపు సెలవునకై కాచుకొనక, ఆ జూలైలోనే తన బాధ్యతపై ఆ యుత్తరువులను ఆపివేసినాడు. అచట నెత్తురు చిందలేదు. పిమ్మట చెన్నపట్టణమున ఆ నిబంధనలు రద్దైనవి. మఱుసటి యేడు బెంటింకును క్రాడకును ఇంటికి పిలిపింపబడిరి. మాంట్రెసారు పేరు మన పాఠ్యపుస్తకములలో కానరాదు. జరుగని యుద్ధమునకు వీరుడెవడు?

ఇప్పుడు రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. మనవాడు తన చెవిపోగును దొరగారి కోటుతో కలిపి ధరించిన అది క్రమశిక్షణాభంగము. దొరగారు మనవాని నడికట్టును తన కోటుతో కలిపి ధరించిన అది నాగరికత, దానికొక నిబంధన, దానికొక దర్జీ! వస్తువులో తప్పు లేదు. ఏది తన గుర్తుగా నుంచుకొనవలెనో తేల్చుకొను స్వాతంత్ర్యము ఒకరికుండి, మఱియొకరికి లేకపోయినది.

స్వాతంత్ర్యము వచ్చినపిదప ఈ లెక్క వెంటనే సరిపడలేదు. 1968 మార్చి 1వ తేదీన విశాఖపట్టణమున తూర్పు నౌకాదళ కమాండు వెలసినది, విందువేషము పూర్వపుదే. ఒక్కమాట చెప్పవలెను: గడ్డము విషయమున నౌకాదళము పూర్వమునుండియు ఉదారము, అనుమతి పొంది పెంచుకొనవచ్చును. క్రాడకు చూచిన గుండె పగులును. సిక్కు అధికారి విందునకు పాగతోనే వచ్చును. తక్కిన మార్పులు మన కండ్లయెదుటనే జరిగినవి. 2022 సెప్టెంబరు 2వ తేదీన నౌకాదళపు జెండానుండి సెయింటు జార్జి సిలువ తొలగినది. శివాజీ ముద్రనుండి గ్రహించిన యష్టకోణము చేరినది. 2023 డిసెంబరులో అడ్మిరలుల భుజపట్టికలకును ఆ యష్టకోణమే వచ్చినది. 2024 ఫిబ్రవరిలో అధికారుల భోజనశాలలకు కుర్తా, పైజమా, చేతులులేని కోటు ధరించి రావచ్చునని యనుమతి లభించినది. దానికిని కొలత లున్నవి. కుర్తా మోకాళ్లవఱకు, రంగు ఒక్కటే. సైన్యము సైన్యమే కదా! అయినను ఆ యుత్తరువు పేర్కొన్నది కుర్తా పైజమాలను. మన పంచెను గాదు. కాకినాడవాడును కన్ననూరువాడును దీనినిగూర్చి యొకమాట యడుగవచ్చును. నడికట్టును మాత్రము తీసివేయుడని నే ననను. అది ఎవరి యింటినుండి వెళ్లినదో తెలిసినపిదప, తిరిగి యింటికి వచ్చినదానిని వెళ్లగొట్టుట ఏల?

పెందుర్తి విందుమాట ముగింపనే లేదు. నవ్వులైనపిదప నాయనమ్మ మనుమనిని దగ్గఱకు పిలిచి ఆ పట్టీని వ్రేళ్లతో తడవి చూచినది. దాని మడతలు క్రిందికిగాక పైకి తెఱచుకొనియుండును. ఆమె వెంటనే కనిపెట్టినది. "ఇదేటి, రొండిన డబ్బులు దాసుకోడానికా?" అని, తన కొంగుముడి విప్పి, నూటపదాఱు రూపాయలు మడిచి, ఆ మడతలో చెక్కినది. ఫోటోలవాడు దానిని తీసివేయుమన్నాడు. పెండ్లికొడుకు తీయలేదు.